షాపులో కలిసిన రంగు ఇంటికెళ్ళాక ఎందుకు విడిపోతుంది?

ప్రశ్న: కోనసీమలో ఒక చిన్న టౌన్లో 14 ఏళ్ళుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. నా వయసు 46. జాకెట్ ముక్కకీ, లైనింగ్‌కీ, ఫాల్‌కీ రంగు కలపడంలో నా కంటికి మంచి పేరుండేది. పోయిన దసరాకి పాత ట్యూబులైట్లు తీసేసి ఎల్‌ఈడీ ప్యానెళ్ళు పెట్టించాం. అప్పట్నుంచీ గొడవలే. షాపులో చక్కగా కలిసిన ముక్క ఇంటికెళ్తే కలవలేదని వెనక్కి పట్టుకొస్తున్నారు. మొన్న వైశాఖం పెళ్ళిళ్ళలో ఒకావిడ వంగపండు రంగు పట్టుచీరకి టూ బై టూ ముక్క తీసుకెళ్ళి, మర్నాడు వచ్చి "ఇది మెరూన్, తెలిసే అంటగట్టావు" అని పదిమందిలో అనేసింది. నేను షాపు ముందుకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో కూడా చూపించే ఇచ్చాను. (ముందు ఎండకి గ్రీన్ నెట్ కట్టించాం.) మావారు "నీ కళ్ళు పోయాయి, ఇక అబ్బాయిని కూర్చోబెడదాం" అంటున్నారు. మా అత్తగారికి ఈమధ్య నేవీ బ్లూ, నలుపు ఒకేలా కనిపిస్తున్నాయి. నాకూ అదే వస్తోందేమోనని భయంగా ఉంది. తప్పు నా కంటిదేనా?
— ఒక సోదరి, కోనసీమ

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి రెండు మాటల కింద గీత గీసుకున్నాను. ఒకటి ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, రెండోది గ్రీన్ నెట్. 14 ఏళ్ళు తాన్లు తిరగేసిన కన్ను సరిగ్గా దీపాలు మార్చిన వారమే చెడిపోయిందంటే నేను నమ్మను. మీ కళ్ళ సంగతి, మీ అత్తగారి కళ్ళ సంగతి కూడా తప్పకుండా చెబుతాను, ఆవిడ విషయం ఆలస్యం చెయ్యకూడనిది. కానీ ఆ వంగపండు గొడవలో మీ తప్పు లేదు, ఆవిడ అబద్ధమూ లేదు. షాపులో మీ ఇద్దరికీ కలిసినట్టు కనిపించిన మాట నిజం. ఇంట్లో ఆవిడకి మెరూన్‌గా కనిపించిన మాటా నిజమే.

ముందు ఒక పని చెయ్యండి. తిరిగొచ్చిన ఆ ముక్క మీ దగ్గరే ఉండుంటుంది. మీ ఎల్‌ఈడీ కింద దానితో అచ్చంగా కలిసే పట్టుగుడ్డ ఒకటి వెతకండి. ఉదయం పదింటికి రెండూ పట్టుకుని నెట్ దాటి రోడ్డు మీదకి వెళ్ళండి. ఎండ నేరుగా పడకుండా, నెత్తిమీద ఆకాశం కనిపించే చోట నిలబడి చూడండి. తర్వాత నెట్ కిందకి రండి, తర్వాత షాపు లోపలికి. పక్కనున్న టైలరు దగ్గర పాత ట్యూబులైటు ఉంటే దాని కింద కూడా పెట్టి చూడండి. అవే రెండు గుడ్డలు, అవే మీ కళ్ళు. అయినా ఒకచోట కలుస్తాయి, ఇంకోచోట విడిపోతాయి. మీవారిని పక్కన పెట్టుకుని మరీ చూడండి. నేను రాసే నాలుగు పేజీల కంటే ఆ పావుగంట ఎక్కువ పనిచేస్తుంది.

ఇక ఎందుకలా అవుతుందన్నది. ఎండ తెల్లగా కనిపిస్తుంది గానీ అందులో ఇంద్రధనుస్సులో ఉన్న వెలుగులన్నీ కలగలిసి ఉంటాయి. 1666 ప్రాంతంలో న్యూటన్ గాజు పట్టకంలోంచి పంపి వాటిని విడదీసి చూపించాడు. గుడ్డకి పట్టిన అద్దకం అందులో కొంత మింగేస్తుంది, మిగిలింది వెనక్కి కొడుతుంది. ఆ వెనక్కి కొట్టిందే మన కంట్లో పడుతుంది. కాబట్టి దీపంలోనే లేని వెలుగుని ఏ గుడ్డా వెనక్కి కొట్టలేదు. చెరువులో లేని చేప వలలోకి రాదు కదా.

కంటి వెనక తెర మీద పగటి చూపుకి పనిచేసే కణాలు సుమారు 50, 60 లక్షలు ఉంటాయి. వాటిని కోన్లు అంటారు. అవి మూడే రకాలు. ఒక రకం నీలం వైపు వెలుగుకి ఎక్కువ స్పందిస్తుంది, ఒకటి ఆకుపచ్చ వైపుకి, మూడోది పసుపు నుంచి ఎరుపు దాకా ఉన్న వైపుకి. ఈ మూడింటి ఊహ 1802లోనే థామస్ యంగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చేశాడు. మీకు కావలసిన అసలు కీలకం ఇక్కడ ఉంది. తన మీద పడింది ఏ రంగు వెలుగో ఒక్కో కోన్‌కి తెలియదు, ఎంత పడిందన్న లెక్క ఒక్కటే దానికి తెలుసు. మూడు రకాల లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని మెదడు "ఇది వంగపండు" అని తేలుస్తుంది.

మీ గల్లాపెట్టెతో చెబుతాను. రాత్రి షట్టరు దించాక లెక్క 500 తేలింది అనుకోండి. అది ఒక్క ఐదొందల కాగితమా, ఐదు వందలా, యాభై పదులా అన్నది ఆ అంకెలో కనిపించదు. కంట్లోనూ అంతే, మూడు గల్లాపెట్టెలు, మూడు మొత్తాలు. పట్టుచీర నుంచి వచ్చిన వెలుగు, జాకెట్ ముక్క నుంచి వచ్చిన వెలుగు వేర్వేరు కాగితాలతో నిండి కూడా మూడు మొత్తాలూ సమానంగా వస్తే కంటికి రెండూ ఒకే రంగు. ఇప్పుడు దీపం మారింది. కొత్త దీపంలో కొన్ని రకాల కాగితాలు రావడం మానేశాయి. చీర లెక్కలో అవి తక్కువ గనక దాని మొత్తం పెద్దగా తగ్గలేదు, ముక్క లెక్కలో అవి ఎక్కువ గనక దాని మొత్తం పడిపోయింది. రంగులు విడిపోయాయి. దీన్ని మెటామెరిజం అంటారు. రంగు చెప్పే ప్రతి వ్యాపారంలోనూ, గోడ రంగుల నుంచి కారు సీటు గుడ్డ దాకా, ఇది తలనొప్పే.

మీ వ్యాపారంలో ఈ తలనొప్పి మరీ ఎక్కువ, ఎందుకంటే మీరు కలిపేవి రెండూ ఒకే గుడ్డ కాదు. పట్టుకి పట్టే అద్దకాలు వేరు, నూలుకి పట్టేవి వేరు, పాలిస్టరుకి మళ్ళీ వేరు. టూ బై టూ ముక్కలో ఉన్న వంగపండు, పట్టుచీరలో ఉన్న వంగపండు పుట్టుకతోనే వేరే రసాయనాలు. కలిసినట్టు కనిపిస్తే ఆ దీపం కింద కలిశాయని మాత్రమే అర్థం. పట్టు మీద పట్టు, ఒకే విడత అద్దకంలో వచ్చిన గుడ్డ అయితే ఏ వెలుగులో పెట్టినా కలిసే ఉంటాయి. మీ పాత అనుభవంలో గుర్తు తెచ్చుకోండి, చీరతోపాటు వచ్చిన జాకెట్ ముక్క గురించి ఎవరైనా ఎప్పుడైనా గొడవకొచ్చారా?

ఇక మీ ప్యానెళ్ళు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలం దీపం. దాని మీద ఫాస్ఫర్ అనే పసుపుపచ్చటి పూత ఉంటుంది. నీలం వెలుగులో కొంత ఆ పూతలో పడి పసుపు వెలుగుగా మారుతుంది, మిగిలిన నీలంతో కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ వచ్చింది, అది చిన్న పని కాదు. కానీ చవక ప్యానెళ్ళలో ఆ తెలుపు నిండు తెలుపు కాదు. నీలం బాగా ఉంటుంది, పసుపు దండిగా ఉంటుంది, ముదురు ఎరుపు పలచబడిపోతుంది. వంగపండు రంగంటే ఏమిటి? నీలమూ ఎరుపూ కలిసింది. మీ ముక్కలోని అద్దకం ముదురు ఎరుపుని బాగా వెనక్కి కొట్టే రకం అయి ఉంటుంది. ప్యానెల్ వెలుగులో ఆ ఎరుపు లేదు గనక అది బుద్ధిగా వంగపండులా కూర్చుంది. ఆవిడ పెరట్లో ఎండలోకి తీసుకెళ్ళగానే ఎరుపంతా బయటికొచ్చి మెరూన్ అయింది. వంగపండు, నేరేడుపండు, రాణి రంగు, కాఫీపొడి, ఉల్లిపొర, ఈ ఎరుపు దాగుండే రంగులే మీకు ఎక్కువగా తిరిగొస్తూ ఉంటాయని నా నమ్మకం. ఒకసారి లెక్క చూసుకోండి.

పాత ట్యూబులైట్లు గొప్పవని మాత్రం అనుకోకండి. వాటి వెలుగులోనూ లోట్లు చాలా ఉండేవి. కాకపోతే ఆ లోట్లతో 14 ఏళ్ళు వేగి, ఏ రంగు ఎండలో ఎటు తిరుగుతుందో మీకు తెలియకుండానే మీరు నేర్చుకున్నారు. ఆ నేర్పు పాత దీపానిది. కొత్త దీపానికి కొత్త నేర్పు కావాలి.

దీపాలన్నీ పీకెయ్యనక్కర్లేదు. రంగు కలిపే బల్ల మీద మాత్రం ఒక మంచిది పెట్టించండి. కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అనే అంకె చూడండి. రంగులు ఎంత నిజంగా చూపిస్తుందో నూటికి వేసిన మార్కులు అవి. మామూలువి 80 దగ్గరో అంతకంటే కిందో ఉంటాయి. మీకు 90 దాటింది కావాలి. ఆ మార్కుల లెక్కలో ముదురు ఎరుపు కలవదు, దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. అది కూడా రాసి ఉన్న దీపం దొరికితే, ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. తెలుపు ఏ ఛాయలో ఉందో చెప్పే అంకెని కెల్విన్‌లలో రాస్తారు, అది 5000 నుంచి 6500 మధ్య ఉంటే పగటి వెలుగుకి దగ్గర. దాని పక్కనే 2700 కెల్విన్ పసుపు దీపం కూడా ఒకటి, వేరే స్విచ్చితో. ఎందుకో తర్వాత చెబుతాను.

గ్రీన్ నెట్ మాటకొస్తే, అసలు దొంగ ఇదేనని నా అనుమానం. మీరు పగటి వెలుతురులో చూపించానంటున్నారు. మీరు చూపించింది ఆకుపచ్చ వెలుతురులో. నెట్ కన్నాల్లోంచి దిగిన వెలుగు తెల్లదే, కానీ దారాలకి తగిలి చెదిరింది ఆకుపచ్చదే. ఆకుపచ్చ దారం ఎరుపుని మింగేస్తుంది. లోపల ప్యానెల్లో ఎరుపు తక్కువ, బయట నెట్ కింద ఎరుపు తక్కువ. రెండుచోట్లా చూపించి మీరు నిజాయితీగానే ఇచ్చారు, రెండుచోట్లా ఒకటే లోటు. కొబ్బరితోటలో చెట్ల కింద చూసినా ఇదే ఇబ్బంది, ఆకుల్లోంచి దిగే వెలుగు కొంత ఆకుపచ్చగానే ఉంటుంది. మన ప్రాంతంలో "వెలుతురులోకి తీసుకురా" అంటే తోటలోకో, పందిరి కిందకో, పట్టా కిందకో వెళ్తాం. ఆకాశం కిందకి వెళ్ళాలి.

ఇది నాకు బాగా తగిలిన పాఠం. మా చెల్లి పెళ్ళికి అమ్మా నేనూ బట్టలకి వెళ్ళాం. అప్పటికి నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదువుతున్నాను, కాంతి గురించి పరీక్ష కూడా రాశాను. కొట్టు ముందు నీలం పట్టా కట్టి ఉంది. దాని కిందే నిలబడి పెళ్ళికూతురి చీరకి గంధం రంగు అంచుతో ఒక జాకెట్ గుడ్డ ఏరాను. అమ్మ "అలా రోడ్డు మీదకి వచ్చి చూద్దామే" అంది. నాకు అంత తెలుసనుకున్నాను, వినలేదు. ఇంటికొచ్చి అరుగు మీద విప్పితే గంధం కాదు, మెంతి రంగు. కొట్టువాడు మోసం చేశాడని ఇంట్లో అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. ఆ తప్పు పట్టాదని నాకు తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అందుకే మీ ఉత్తరం చూడగానే ఆ కొట్టాయన గుర్తొచ్చాడు.

ఇంత ఆకుపచ్చగా ఉంటే నెట్ కింద నిలబడ్డప్పుడు మనకెందుకు తెలియదు? మెదడు దిద్దేస్తుంది గనక. ఒకచోట వెలుగంతా ఒక రంగులో ఉంటే, మెదడు ఆ రంగుని కొద్ది సేపట్లో తీసివేత చేసి చూపిస్తుంది. లేకపోతే పొద్దున్న తెల్లగా ఉన్న పంచె సాయంత్రం ఎర్రటెండలో ఇంకెవరిదో అనిపించేది. మనకి చాలా మేలు చేసే గుణం ఇది. మీ పనికి మాత్రం ఇదే ఎసరు పెడుతోంది, ఎందుకంటే మెదడు రంగు దిద్దగలదు గానీ, దీపంలో రాని ఎరుపుని తెప్పించలేదు. నమ్మకం లేకపోతే న్యూస్‌పేపరు గొట్టంలా చుట్టి, నెట్ బయట ఎండలో నిలబడి, గొట్టంలోంచి నెట్ కిందున్న తెల్లకాగితాన్ని చూడండి. చుట్టుపక్కల ఏమీ కనపడక మెదడుకి దిద్దే ఆధారం పోతుంది. కాగితం లేత పచ్చగా తేలుతుంది. నెట్ తీసెయ్యమని చెప్పను, మన వైశాఖం ఎండల్లో అది లేకుండా ఎలా. రంగు చూపించేటప్పుడు మాత్రం నెట్ దాటి నాలుగడుగులు వెయ్యండి.

పక్కరంగు సంగతి కూడా ఉంది. ప్యారిస్‌లో గోబెలాఁ అనే పెద్ద నేత కార్ఖానాలో 1824 నుంచి అద్దకాల విభాగం పెద్దగా షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. నల్లదారం నల్లగా లేదు, వెలిసిపోయినట్టుంది అని ఆయనకి ఫిర్యాదులొచ్చేవి. ఆయన దారం పరీక్షించాడు, అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా రంగుల పక్కన నేసినప్పుడే ఆ నలుపు చిన్నబోతోందని తేల్చాడు. పక్కరంగు ఈ రంగుని తనకి ఎదురువైపుకి నెడుతుంది. 1839లో దాని మీదే పెద్ద గ్రంథం రాశాడు. మీ బల్ల మీద ఎర్రటి గుడ్డ పరిచి ఉందా? చీర పక్కన చిలకపచ్చ, రామా గ్రీన్ తాన్లు పడి ఉన్నాయా? ఆ ఆకుపచ్చల మధ్య పెట్టిన మెరూన్ మరింత ఎర్రబడుతుంది. రంగు కలిపే చోట లేత బూడిదరంగు గుడ్డ ఒకటి పరవండి, దాని మీద చీర, ముక్క తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముక్కని చీర పక్కన కాదు, చీర మీద పెట్టండి, మధ్యలో సందు లేకుండా. సందు ఉంటే కన్ను రెండింటినీ సర్దేసి కలిపేస్తుంది.

తెలుపు, క్రీము రంగులు ఎల్‌ఈడీ కింద అసలు కలపకండి. కొత్త తెల్లగుడ్డల్లో మెరుపు మందు ఉంటుంది. అది ఎండలోని కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలని తీసుకుని నీలం వెలుగుగా వదులుతుంది, అందుకే ఎండలో ఆ గుడ్డ వెలిగిపోతుంది. ఎల్‌ఈడీలో ఆ కిరణాలు దాదాపు లేవు. షాపులో రెండు తెలుపులూ ఒకటే, బయట ఒకటి మల్లెపువ్వు, ఇంకోటి పాతకాగితం. మన అమ్మలు పంచెలకి నీలిమందు పెట్టిందీ దగ్గర దగ్గర ఇందుకే. గుడ్డ పచ్చబారినప్పుడు కాస్త నీలం తగిలిస్తే పసుపు విరిగి తెల్లగా కనిపిస్తుంది.

సందె వేళ కూడా రంగులు కలపకండి, కరెంటు పోయినప్పుడు అసలే వద్దు. వెలుగు బాగా తగ్గాక కోన్లు పని మానేస్తాయి, రాత్రి చూపుకి ఉన్న రాడ్ కణాలు లేస్తాయి. అవి సుమారు 10 కోట్లు ఉంటాయి గానీ ఒకే రకం, రంగు చెప్పలేవు, ఎరుపు వాటికి దాదాపు కనపడదు. మీ పెరట్లో ఎర్రమందారం ఉంటే ఒక సాయంత్రం దాని ముందు అరగంట కూర్చోండి. సూర్యుడున్నప్పుడు పువ్వు ఆకుల కంటే ముందు కంట్లో పడుతుంది. చీకటి పడుతున్నకొద్దీ పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం లేతగా వెలుగుతూ మిగిలిపోతాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఇది గమనించి రాశాడు. మా పెరట్లో ఇప్పటికీ నేను చూస్తూనే ఉంటాను, ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యం తగ్గదు.

ఇప్పుడు కళ్ళ సంగతి. 40 దాటాక మీకు దగ్గరచూపు మందగించి ఉంటుంది, సూదిలో దారం ఎక్కించడం కష్టమై ఉంటుంది. అది రంగుల చూపు కాదు, కళ్ళజోడుతో పోతుంది. వయసుతో కంటి కటకం కొద్దికొద్దిగా పసుపురంగు తిరిగి నీలం వెలుగుని లోపలికి రానివ్వకపోవడం నిజమే. 60 ఏళ్ళ కంటి తెర మీద పడే వెలుగు 20 ఏళ్ళ కంట్లో పడేదానిలో మూడో వంతు ఉంటుందంటారు. కానీ అది ఏళ్ళ మీద జరిగే మార్పు, 46కి అంతగా తెలియదు, దసరా నుంచి మొదలవదు. మీ అత్తగారిది మాత్రం సరిగ్గా అదే అనిపిస్తోంది. నేవీ బ్లూ నల్లగా కనిపించడం శుక్లం ముదురుతున్న కళ్ళలో మామూలే. ఆవిడకి కంటి పరీక్ష ఈ నెలలోనే చేయించండి. ఆపరేషనయ్యాక ఒక కన్ను నీలంగా, రెండో కన్ను పసుపుగా చూపిస్తోందని ఆవిడ అంటే కంగారు పడకండి. చిత్రకారుడు మోనేకి 1923లో కుడికన్నుకి శుక్లం తీశాక నీలాలు విపరీతంగా కనిపించాయి. కొత్తగా తెరుచుకున్న కిటికీ అది.

మీకు మీరు చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. కుంకుమ భరిణె మూత తీసి మంచి వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. రెండు కళ్ళకీ ఒకే ఎరుపైతే మంచిదే. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టుంటే, పైగా కన్ను తిప్పితే నొప్పి ఉంటే, ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అది కంటి నరానికి సంబంధించినది కావచ్చు. ఇంట్లో ఎవరైనా టీబీకి ఇథాంబుటాల్ వాడుతూ రంగులు తేడాగా ఉన్నాయంటే అదీ వెంటనే చెప్పాల్సిందే.

మీవారి మాట మీద నేను గట్టిగా చెప్పదలిచింది ఒకటుంది. అబ్బాయిని బల్ల దగ్గర కూర్చోబెట్టే ముందు అబ్బాయి కళ్ళు పరీక్ష చేయించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని లోపం పుట్టుకతో వచ్చేది ఎక్కువగా మగపిల్లలకే. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి, మగవాళ్ళకి అది ఒకటే గనక లోపముంటే ఆదుకునే రెండోది లేదు. ఐరోపా సంతతిలో మగవాళ్ళలో నూటికి 8 మందికి ఉంటే, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరికి ఉంటుంది. చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు. జాన్ డాల్టన్ అంతటి రసాయన శాస్త్రవేత్తకి 26 ఏళ్ళొచ్చేదాకా తెలియలేదు. 1792లో ఒక జెరేనియం పువ్వు పగలు నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించి, స్నేహితులని అడిగితే మాకేమీ మారలేదన్నారు. మారిందన్నది ఆయన అన్నదమ్ముడు ఒక్కడే. ఆయన చనిపోయాక దాచి ఉంచిన కంటి నుంచి 1995లో డీఎన్‌ఏ తీసి చూస్తే మధ్య రకం, అంటే ఆకుపచ్చ వైపు కోన్లకి కావలసిన వర్ణకం లేదని తేలింది. కంటి డాక్టరు దగ్గర చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా పుస్తకం ఉంటుంది, 5 నిమిషాల పని. అబ్బాయికి లోపం లేకపోతే సంతోషం. ఉంటే అతని తెలివికీ దానికీ సంబంధం లేదు, లెక్కలు చూసుకుంటాడు, హోల్‌సేల్‌కి వెళ్తాడు, రంగులు మీరే చూస్తారు.

మీకూ మీవారికీ ఒకే ముక్క వేరేగా కనిపిస్తోందంటే అందులోనూ ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. 2015లో ఒక గౌను ఫోటో ప్రపంచమంతా తిరిగింది. కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారం. గౌను నిజంగా నీలం నలుపే. ఫోటోలో వెలుగు ఎలాంటిదో తెలియక ఒక్కొక్కరి మెదడు ఒక్కోలా ఊహించుకుని తీసివేత చేసింది. ఒకే మంచం మీద కూర్చున్న మొగుడూ పెళ్ళాలు వాదించుకున్నారు.

పేర్ల దగ్గరా జాగ్రత్త. మన "పచ్చ" పసుపుకీ చెల్లుతుంది, ఆకుకీ చెల్లుతుంది. పెద్దావిడ వచ్చి "పచ్చ ముక్క ఇవ్వమ్మా" అంటే కన్ను తేడా గుర్తించలేక కాదు, మాట అంత విశాలమైనది. వస్తువు పేరు పెట్టి అడగండి. చిలకపచ్చా, నిమ్మపండా, చామంతా? నెమలికంఠం అడిగితే మాత్రం చీరని అటూ ఇటూ తిప్పి చూపించి, ఏ వంపులో కలవాలో వాళ్ళనే చెప్పమనండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన గుడ్డకి ఒకే రంగు ముక్క అన్ని వైపులా కలవదు. ఆ మాట ముందే చెప్పాలి.

పసుపు దీపం ఎందుకో చెబుతానన్నాను. బేరం తేలే ముందు ఒక ప్రశ్న అడగండి: "కట్టుకునేది రాత్రి ముహూర్తానికా అమ్మా, పగటి ముహూర్తానికా?" మనవైపు పెళ్ళిళ్ళు సగం అర్ధరాత్రి దాటాక, లైట్ల కింద. రాత్రి పెళ్ళి అయితే పసుపు దీపం వేసి చూపించండి, పగటిదైతే నెట్ దాటి తీసుకెళ్ళి చూపించండి, రెండింటికీ కావాలంటే రెండు చోట్లా కలిసేదే ఇవ్వండి. అలాంటిది లేకపోతే లేదనే చెప్పండి, పూర్తిగా కలవని రంగు బదులు జరీ అంచు రంగు ముక్క సూచించండి. కొసన రెండంగుళాల ముక్క కత్తిరించి ఇచ్చి, ఇంట్లో చూసుకుని రమ్మనడం కూడా మంచిదే. మీటరు గుడ్డలో పోయేది రెండంగుళాలే, మిగిలేది మీ మాట.

ఆ వంగపండు చీర ఆవిడకి ఫోను చెయ్యండి. పదింటికి చీర తీసుకుని రమ్మనండి. మీరిచ్చిన ముక్కే ఆమె చేతికిచ్చి, ముందు ప్యానెల్ కింద చూడమనండి, తర్వాత నెట్ దాటించి రోడ్డు మీద చూడమనండి. మీరేమీ చెప్పకండి, ఆవిడే "అరే" అంటుంది. అప్పుడు ఆ వెలుగులోనే ఇంకో ముక్క ఏరి ఇవ్వండి.